ఏడో పుస్తకంలో ఆఖరి వరుస

"నిచ్చెన మీంచి పడ్డాడు. తల గచ్చుకి కొట్టుకుంది. పోయాడు. ఇందులో మీకు అర్థం కానిదేముంది, మృధా భాయ్?"

ఇన్‌స్పెక్టర్ మొబారక్ మృధా మోకాళ్ళ మీద కూర్చుని, చనిపోయినవాడి తల కింద ఉన్నదాన్ని చూస్తున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండూ యాభై. చాంద్‌పూర్‌లో మేఘనా జల తథ్య భాండార్, కింది అంతస్తు, పాత కాగితాల గది. బెంగాలీలో సమాచారాన్ని తథ్యమనే అంటారు. జిల్లాలో ఉన్న ప్రతి చేతిపంపు నీళ్ళలో ఎంత ఆర్సెనిక్ విషం ఉందో ఇరవై రెండేళ్ళ క్రితం కొలిచి రాసిన పుస్తకాలు ఆ గదిలో ఉన్నాయి. వాటిని కాపాడే ముసలాయన తొఫజ్జల్ మున్షీ ఇప్పుడు వాటి మధ్యనే వెల్లకిలా పడి ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ పుస్తకాల్లో సగం ఆయన చేతిరాతే.

"ఇలా రండి, చాకలాదార్ సాహెబ్," అన్నాడు మృధా. "రక్తం ఎక్కడుంది?"

ఢాకా డిటెక్టివ్ శాఖ నుంచి వచ్చిన రాకిబ్ చాకలాదార్ బూటు కొసతో చూపించాడు. "అదిగో, నిచ్చెన కాలి దగ్గర."

"తలెక్కడుంది?"

"రెండు జానల ఇవతల. అయితే ఏం? పడ్డాక పాకి ఉంటాడు."

"పాకి, చాదర్ నాలుగు మడతలు పెట్టుకుని, తలకింద పెట్టుకుని పడుకున్నాడా?"

చాకలాదార్ వంగి చూశాడు. మున్షీ తల కింద నీలం నూలు చాదర్ ఉంది, ఆడవాళ్ళు కప్పుకునేది. ఒక మూల చిరుగుని ఆకుపచ్చ దారంతో ఓపిగ్గా కుట్టారు. మడత ఎక్కడా చెదరలేదు. చంటిబిడ్డకి సర్దినట్టు సర్దారు దాన్ని.

"అయితే ఇక్కడ ఇంకొకరున్నారన్నమాట," అన్నాడు చాకలాదార్. అతని కళ్ళు మెరిశాయి. "ఆడది. అయితే ఇది హత్య."

"ఐదు నిమిషాల క్రితం ప్రమాదమన్నారు."

"కొత్త ఆధారం, కొత్త అభిప్రాయం. ఢాకాలో ఇలాగే పనిచేస్తాం."

"మా పల్లెటూళ్ళో అయితే, చంపేవాళ్ళు తలకింద దిండు పెట్టరు," అన్నాడు మృధా, మోకాలు పట్టుకుని లేస్తూ.

శవాన్ని మొదట చూసింది గేటు కాపలా ఉండే దర్వాన్ ఇద్రిస్. శుక్రవారాల్లో మున్షీ చాచా జుమ్మా నమాజు అయ్యాకే వస్తారు కాబట్టి, రెండుంబావుకి ఆయనకి అన్నం క్యారియర్ తెచ్చాడు. క్యారియర్ ఇంకా గుమ్మం పక్కనే ఉంది, మూత తియ్యకుండా. ఆస్పత్రి డాక్టరు చూసి, ప్రాణం తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య పోయి ఉంటుందన్నాడు. పడ్డది మాత్రం అంతకు చాలా ముందే. దెబ్బ చుట్టూ రక్తం గడ్డకట్టిన తీరు అదే చెబుతోంది.

మృధా అరల వైపు నడిచాడు. పుస్తకాలన్నీ జనపతాడుతో కట్టలు కట్టి ఉన్నాయి. ఒక్కో కట్టకీ ఒక చీటీ: 'శనివారం. కాగితం మిల్లుకి.'

"ఇదేమిటి?"

"అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశారుగా," అన్నాడు చాకలాదార్. "ఆదివారం మంత్రిగారొచ్చి మీట నొక్కుతారు. ఆ తర్వాత ఆ పట్టిక జనానిది. విద్యార్థులు, డాక్టర్లు, ఎవరైనా సరే, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇంకా ఈ చెత్తెందుకు, చెదపురుగుల్ని మేపడానికా?"

పై అరలో చర్‌కుసుమ్ పల్లెల యూనియన్ కట్ట ఒక్కటే తాడు తెగి ఉంది. మృధా నిచ్చెనెక్కి లెక్కపెట్టాడు. ఒకటి నుంచి పన్నెండు దాకా ఉండాలి. ఏడోది లేదు.

దిగి వచ్చి, మున్షీ జేబులోని ఫోను తీసి, ఆ ఉదయం పిలుపులు వరసగా తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. రెండే ఉన్నాయి. ఎనిమిదీ ముప్పై ఒకటికి డైరెక్టరు తాలుక్‌దార్‌కి, ఆరు నిమిషాలు. ఎనిమిదీ నలభై ఏడుకి అంబులెన్స్‌కి, ఒక నిమిషం.

"ఇద్రిస్!"

దర్వాన్ వచ్చాడు. ముఖమంతా ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది.

"పొద్దున అంబులెన్స్ వచ్చిందా?"

ఇద్రిస్ నేలమీదకి జారిపోయాడు. "వచ్చింది సార్. తొమ్మిదీ పదికి. లోపలెవరో పడ్డారని ఫోనొచ్చిందన్నాడు డ్రైవరు. నాకు తెలీదు సార్! చాచా చెరువు వైపు తలుపున వచ్చారు, ఆయన దగ్గర ఒక తాళంచెవి ఉండేది. గేటులోంచి ఎవరూ రాలేదు, నేను చూళ్ళేదు. డైరెక్టర్ సార్‌కి ఫోన్ చేశా. 'శుక్రవారం సెలవు పూట లోపలెవరుంటారురా, ఎవరో ఆకతాయిల పని, పంపించెయ్' అన్నారు. పంపించేశా సార్. నా చేత్తో నేనే గేటేశా."

"లే ఇద్రిస్. లేచి మొహం కడుక్కో," అన్నాడు మృధా. తొమ్మిదీ పదికి మున్షీ బతికే ఉన్నాడు. గేటుకీ ఈ గదికీ నలభై అడుగులు.

డైరెక్టరు ఎహ్‌సాన్ తాలుక్‌దార్ మూడూ ఇరవైకి వచ్చాడు. జుమ్మాకి తొడిగిన తెల్ల లాల్చీలోనే ఉన్నాడు, అత్తరు వాసనతో. శవాన్ని చూసి కళ్ళు మూసుకుని ఒక ఖురాన్ ఆయతు చదివాడు. ఆ బాధలో అబద్ధం లేదని మృధాకి అనిపించింది. అందుకే ప్రశ్నలు మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏడో పుస్తకంలో ఏముంది సార్?"

"అన్నిట్లో ఉన్నదే. పంపు నెంబరు, దాని పక్కన కొలత. కొలత యాభై దాటితే తాగకూడదని పంపుకి ఎర్రరంగు, లోపుంటే పచ్చరంగు."

"మరి పదకొండు పుస్తకాలు వదిలేసి దాన్నే ఎందుకు తీశారు?"

తాలుక్‌దార్ కాస్త తటపటాయించాడు. "పోయిన నెల కొందరు విద్యార్థులకి పట్టిక ముందుగా ఇచ్చి చూడమన్నాం. ఖుల్నాలో చదివే ఒకమ్మాయి ఉత్తరం రాసింది. ఏడో పుస్తకంలో, ఫిబ్రవరి పదిహేడో తేదీ కింద, ఎనభై మూడు ఉందట, ఎనభై ఐదు ఉందట. ఎనభై, ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది మాత్రం ఒక్కటీ లేవట. నలభై, నలభై నాలుగు, నలభై ఏడు మాత్రం ఆ ఒక్కరోజే తొమ్మిది ఉన్నాయట. అసలు పుస్తకం ఒకసారి చూస్తారా అని అడిగింది. పిల్లలు! గోరంత దొరికితే కొండంత చేస్తారు."

"చూశారా?"

"అరవై వేల వరుసల్లో తొమ్మిది వరుసలు, ఇన్‌స్పెక్టర్. తీసేద్దామన్నాను. మున్షీ ఒప్పుకోలేదు."

"ఆయనతో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"బుధవారం."

మృధా తన చిన్న పుస్తకం తెరిచి బల్లమీద పెట్టాడు. వేలుతో ఒక వరుస చూపించాడు. డైరెక్టరు చదివాడు. అత్తరు వాసనలో చెమట కలిసింది.

"ఇవాళ పొద్దున ఎనిమిదీ ముప్పై ఒకటి. ఆరు నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు సార్?"

"మృధా భాయ్," చాకలాదార్ అడ్డొచ్చాడు. "సాహెబ్ ఎవరో తెలుసా మీకు? ఎల్లుండి మంత్రిగారి పక్క కుర్చీ ఆయనది."

"కుర్చీ గురించి అడగలేదు నేను. ఫోను గురించి అడిగాను."

తాలుక్‌దార్ గొంతు తగ్గిపోయింది. "పుస్తకం మిల్లుకి వెళ్ళనివ్వనన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోయిందన్నాడు. ఆదివారం దాకా ఆగమన్నాను. ఆగనన్నాడు. నిచ్చెన తెచ్చుకుంటున్నానన్నాడు."

"అంటే ఈ గదిలోనే ఉన్నాడని తెలుసు మీకు. మరి తొమ్మిదీ పదికి ఇద్రిస్ ఫోన్ చేస్తే లోపలెవరూ లేరని ఎలా అన్నారు?"

తాలుక్‌దార్ అరల మీది కట్టల వైపు చూశాడు.

"నాటకం అనుకున్నాను," అన్నాడు తాలుక్‌దార్ చివరికి. "గొడవ చేయడానికి, నలుగుర్నీ పోగేయడానికి పిలిపించాడనుకున్నాను. అంబులెన్స్ లోపలికొస్తే వెనకే పత్రికలవాళ్ళొస్తారు. ఇరవై రెండేళ్ళు ఈ ఒక్క ఆదివారం కోసం ఎదురుచూశానండీ. నిజంగా పడ్డాడని... ఖురాన్ మీద ఒట్టు, నాకు తెలీదు."

మృధా రాసుకున్నాడు. రాస్తుంటే కలం బరువుగా ఉంది. ఈ మనిషి దుర్మార్గుడైతే బాగుండుననిపించింది ఆయనకి. పని తేలికయ్యేది.

నాలుగూ పదికి గేటు దగ్గర కేకలు వినిపించాయి. ఇద్రిస్ వెనక ఒకావిడ లోపలికొచ్చింది. యాభై దాటి ఉంటుంది, వెలిసిపోయిన చీర, భుజాన చాదర్ లేదు. ఒక చేతిలో రంగు డబ్బా, కుంచె. చంకలో అట్ట చిరిగిన పొడుగాటి పుస్తకం. రెండు చేతులూ మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి.

చాకలాదార్ ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "ఆధారం కాళ్ళతో నడిచొచ్చింది! పేరు?"

"హాస్నా బాను. ఇక్కడే పనిచేస్తా. ఇది రంగండీ, పంపులకేసిన రంగు..."

"అర్థమైందా మృధా భాయ్? ఈ పుస్తకాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది ఈవిడే. జీతాల చిట్టాలో పేరు చూశాను. తప్పు ఈవిడది. ఆదివారం ఊరందరి ముందూ బయటపడుతుంది. ముసలాడు పుస్తకం తీశాడు, ఈవిడ నిచ్చెన లాగింది, పుస్తకంతో ఉడాయించింది. పదండి, బండెక్కించండి."

"ఉడాయించినావిడ తిరిగెందుకొచ్చింది?"

"అది ఠాణాలో అడుగుదాం."

"ఠాణా నాది," అన్నాడు మృధా. గొంతు పెంచలేదు. "ఈ గది నా ఠాణాలో ఉంది. మీరొచ్చింది ఆదివారం కుర్చీల కాపలాకి. ఆ పనిలో మీకు నేను అడ్డు రాను. ముందావిడ చెయ్యి వదలండి."

చాకలాదార్ వదిలాడు. అతని వేళ్ళకీ ఎర్రరంగు అంటుకుంది. జేబురుమాలు పాడవుతుందేమోనని చెయ్యి గాల్లోనే పెట్టుకుని నిలబడ్డాడు.

మృధా తాలుక్‌దార్‌ని పక్కగదిలో కూర్చోబెట్టించి, హాస్నాకి కుర్చీ వేశాడు. మున్షీని అప్పటికే దుప్పటి కప్పి తీసుకెళ్ళిపోయారు. ఆవిడ ఖాళీ నేల వైపు చూసి, ఆ వెంటనే చూపు తిప్పుకుంది.

"చాచా పోయారని గేటు దగ్గర ఇద్రిస్ చెప్పాడు," అంది. "అంబులెన్స్ టైముకొచ్చిందా సార్? చాచా ఫోనుతో నేనే చేశా. వస్తున్నామన్నారు. అందుకే ధైర్యం చేసి వెళ్ళా. లేకపోతే వెళ్ళేదాన్ని కాదు."

చాకలాదార్ నోరు తెరిచాడు. మృధా అతని వైపు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, అతను నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగాడు. ఆ రోజంతటిలో ఆ మనిషి చేసిన మంచిపని అదొక్కటే, కానీ చిన్నది కాదు.

"వచ్చింది ఆపా," అన్నాడు మృధా, సొంత అక్కని పిలిచినట్టే. "మీరు చెయ్యాల్సింది చేశారు. ఇప్పుడు చెప్పండి, తప్పెలా జరిగింది?"

హాస్నా చూపుడువేలుకి ఇంకా ఆరని రంగుతో బల్లమీద ఒక అంకె రాసింది. రెండు సున్నాలు, ఒకదానిమీద ఒకటి.

"ఇదెంత సార్?"

"నాలుగు," అన్నాడు మృధా.

"ఎనిమిది," అన్నాడు అదే క్షణంలో కిటికీ దగ్గర నుంచి చాకలాదార్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మృధా చదివింది పల్లెటూరి బెంగాలీ బడిలో. చాకలాదార్ చదివింది ఢాకా ఇంగ్లీషు బడిలో. బెంగాలీ నాలుగుకీ ఇంగ్లీషు ఎనిమిదికీ రాతలో తేడా లేదు. బెంగాలీ ఏడు, ఇంగ్లీషు తొమ్మిది కూడా అంతే, అన్నదమ్ముల్లా ఉంటాయి.

"చూశారా?" అంది హాస్నా. "చాచా ఎప్పుడూ బెంగాలీలోనే రాసేవారు. ఆ పదిహేడో తేదీన మాత్రం కొలిచే యంత్రం చూడ్డానికి విదేశీ సాహెబ్ ఒకాయన వెంట వచ్చాడంట. ఆయనకీ అర్థమవ్వాలని కొలతలు ఇంగ్లీషులో రాశారు. గొప్పకి కాదు సార్, మర్యాదకి. మూడూ ఐదూ ఉన్నచోట నాకు ఇంగ్లీషని తెలిసింది, సరిగ్గానే ఎక్కించా. ఎనిమిదీ తొమ్మిదీ సున్నా మాత్రమే ఉన్నచోట కళ్ళు అలవాటు కొద్దీ బెంగాలీ చదివేశాయి. కొలిచిన ఏడాదే ఎక్కించాం, రోజుకి వెయ్యి వరుసలు సార్. ఎనభై తొమ్మిది నలభై ఏడైంది. ఎర్ర పంపు పచ్చ పంపైంది. ఇరవై రెండేళ్ళు తాగారు."

"నిన్నటిదాకా ఎవరికీ తెలీదా?"

"ఆ ఖుల్నా అమ్మాయి ఉత్తరం చాచా చదివి, మొన్న రాత్రంతా కూర్చుని కనిపెట్టారంట. పొద్దున ఎనిమిదీ నలభైకల్లా రమ్మని నిన్ననే కబురు పెట్టారు. చెరువు తలుపున నేనొచ్చేసరికి నిచ్చెన మీదున్నారు, అక్కణ్ణుంచే సంగతంతా చెప్పారు. పుస్తకం అందింది, కాలు తప్పింది." ఖాళీ నేల వైపు వేలు చూపించింది. "చాదర్ తలకింద పెట్టా. పక్కన కూర్చుంటే తిట్టారు సార్. 'నా దగ్గర కూర్చుని ఏం చేస్తావే పిచ్చిదానా, అక్కడ తాగుతున్నారు, రేపు పుస్తకాలు మిల్లుకెళ్ళిపోతాయి, పో' అన్నారు. మా ఆయన పడవలకి రంగులేసేవాడు. ఇంట్లో ఎర్రరంగు డబ్బా మిగిలుంది. సైకిల్ వ్యాన్ మాట్లాడుకుని వెళ్ళా. పట్టికలో తొమ్మిదే చూపించినా పుస్తకంలో పదున్నాయి సార్, పది పంపులకీ వేసేశా. ఒకళ్ళింట్లో చీపురు తిరగేశారు. ఎర్ర పంపు ఇల్లంటే పిల్లలకి సంబంధాలు రావు కదా, వాళ్ళ తప్పూ లేదు. ఒక ముసలమ్మ మాత్రం మరమరాలు పెట్టి, ఇంకా ముందొచ్చుంటే బాగుండేదమ్మా అంది. అంతే. తిట్టలేదు."

గొంతు ఆరిపోయినట్టుంది. చీర కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసి, రెండు గుక్కలు తాగి, మృధా వైపు చాపింది. "మా ఇంటి నీళ్ళే సార్, తాగండి. పచ్చ పంపే. ఇవాళ పేజీ తెరిచి ముందు మా నెంబరే వెతికా. చర్‌కుసుమ్‌లో మాది ఎనభై తొమ్మిదో నెంబరు పంపు. ఏడో పుస్తకంలో ఎక్కడా లేదు. పట్టికలోనూ లేదు. అల్లా దయ."

"పట్టికలో లేకుండా పచ్చరంగెలా వేశారు?"

"రంగేసేవాళ్ళకి పట్టికలోంచి ఎర్రవాటి జాబితా ఒక్కటే ఇచ్చేవారు. మిగతావన్నీ పచ్చే."

మృధా సీసా అందుకున్నాడు. అందుకుంటుంటే ఆవిడ అరచేయి కనిపించింది. ఎర్రరంగు కింద, అరచేతి నిండా మినపగింజలంత కాయలు. కంప్యూటర్ మీట్లు నొక్కే చేతికి ఇన్ని కాయలేమిటి అనుకున్నాడు. ఇంటిపనేమో.

సీసా బల్లమీద పెట్టి, ఏడో పుస్తకం తెరిచాడు.

ఫిబ్రవరి పదిహేడు. పంపు నెంబర్లు ఎడమ పక్క ఒకే సిరాతో, తీరుగా ఉన్నాయి. కొలతలు కుడిపక్క వేరే కలంతో ఉన్నాయి. అడక్కుండానే హాస్నా చెప్పింది. "నెంబర్లు ముందురోజే ఇంటి దగ్గర రాసుకునేవారు, బెంగాలీలో. కొలతలు అక్కడికి వెళ్ళాక. ఈ ఆఖరి వరుస ఒక్కటే అనుకోకుండా కలిసింది. తిరిగొస్తుంటే సాహెబ్‌కి దాహమేసి ఎవరింటి దగ్గరో ఆగారంట. అప్పుడు కొలిచారు."

ఆఖరి వరుసలో నెంబరూ, కొలతా రెండూ ఒకే కలంతో ఉన్నాయి. కొలత ఎనభై ఎనిమిది. నెంబరు బెంగాలీలో చదివితే నలభై ఏడు.

"ఈ నెంబరు నలభై ఏడేనని ఎలా తెలిసింది ఆపా?"

"చాచానే అడిగా సార్. పుస్తకం ఆయన కళ్ళ ముందు పెట్టి, వేలు పెట్టి, ఇదెంత చాచా అన్నా. అప్పటికి మాట సరిగ్గా రావట్లేదు. 'ఆట్ నొయ్' అన్నారు. ఎనిమిది కాదు అని. రెండుసార్లు అన్నారు. అంటే నాలుగేగా. నలభై ఏడో పంపుకి వేసేశా."

మృధా పేజీలు వెనక్కి తిప్పాడు. ఒక్కో పేజీ మెల్లగా, వేలు నెంబర్ల వరుస వెంట జార్చుకుంటూ. ఫిబ్రవరి పదకొండు. పదో వరుస దగ్గర వేలు ఆగింది. నలభై ఏడో నెంబరు పంపు. తీరైన బెంగాలీ రాత, పైనా కిందా ఉన్న అంకెలన్నీ అనుమానం లేని బెంగాలీవే. కొలత పన్నెండు.

"ఒక పంపుని రెండుసార్లు కొలిచేవారా ఆపా?"

"అబ్బే. నాలుగు వేల పంపులు సార్. ఒక్కసారి కొలవడానికే ఊపిరాడేది కాదు."

"ఒకే నెంబరు రెండుసార్లు వస్తే?"

"రెండోదాన్ని పొరపాటు కింద తీసెయ్యమనేవారు డైరెక్టర్ సార్. మొదటిదుంచేవాళ్ళం."

మృధా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సిన మరకేం లేదు. చెప్పకుండా ఉండటానికి ఇంకో అర నిమిషం దొరుకుతుందని తుడిచాడు. అంబులెన్సుని గేటు దగ్గరే తిప్పి పంపేసిన సంగతి దాచాడు, దాచినా ఎవరికీ నష్టం లేదు. ఇది దాచేది కాదు.

బెంగాలీలో నొయ్ అంటే కాదు. నొయ్ అంటే తొమ్మిది కూడా.

"ఆపా," అన్నాడు. "ఆయన వాక్యం చెప్పలేదేమో. అంకెలు చెప్పారేమో. ఆట్. నొయ్."

హాస్నా నవ్వబోయింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. కిటికీ దగ్గరున్న చాకలాదార్ చటుక్కున ఇటు తిరిగాడు. నెమ్మదిగా వచ్చి, బల్లమీద ఆవిడ రాసిన ఎర్ర అంకెని చూస్తూ నిలబడ్డాడు.

"మీ ఆయన ఎలా పోయారు?" అని అడిగాడు మృధా, వీలైనంత మెల్లగా.

"నాలుగేళ్ళయింది. ఒంటినిండా నల్లమచ్చలు. అరచేతులు బిరుసెక్కిపోయాయి. పడవ రంగులు, టర్పెంటైన్ పడక అలా అయిందన్నారు అందరూ. నేనూ అదే..." మాట తెగింది. తన రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది, అదే వినడానికి కష్టంగా ఉంది.

"ఎవరో విదేశీ సాహెబ్ మన పంపు దగ్గర ఆగి రెండు గ్లాసులు నీళ్ళు తాగి వెళ్ళాడని, మా ఆయన బతికినన్నాళ్ళూ చెప్పుకునేవాడు సార్. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పొద్దున చాచా సాహెబ్ దాహం మాటన్నప్పుడు నాకది గుర్తొచ్చింది. వచ్చినా... కాదు అన్నారనే విన్నా."

ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ సీసా మీదికి వెళ్ళింది. మృధా సీసాని ఇవతలికి జరిపి, మూత బిగించాడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"మనవరాలు. టుని. ఏడేళ్ళు." గోడ గడియారం వైపు చూసింది. "ఐదింటికి కుండలు నింపుతుంది."

నాలుగూ నలభై రెండు. చర్‌కుసుమ్‌కి జీపులో పావుగంట. మృధా పుస్తకాన్ని గుడ్డలో చుట్టి చాకలాదార్ చేతికిచ్చాడు. "ఇది మీ బాధ్యత. పక్కగదిలో ఉన్నాయన వాంగ్మూలం కూడా. ఒక్క కట్ట కూడా మిల్లుకి వెళ్ళకూడదు."

"వెళ్ళదు," అన్నాడు చాకలాదార్. ఎర్రరంగు వేళ్ళతోనే పుస్తకాన్ని గుండెకి ఆనించుకున్నాడు. ఆ తర్వాత, ఎన్నడూ లేనిది, "మీరు వెళ్ళండి సార్, నేను చూసుకుంటా" అన్నాడు.

మృధా జీపు తాళాలు తీశాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. హాస్నా కుర్చీలోంచి లేచి బల్ల పక్కనే నిలబడి ఉంది.

"ఆపా, డబ్బాలో రంగేమైనా మిగిలిందా?"

ఆవిడ వంగి డబ్బా ఎత్తి, కాస్త ఊపి చూసింది. అడుగున పల్చగా కదిలిన చప్పుడైంది.

"మిగిలింది సార్," అంది. "ఒక్క పంపుకి సరిపోతుంది."